శిక్ష దొరకి... ఆకలి ఇల్లాలికి!

‘ఆంక్షలు’ అనే మాట పేపర్లో కనబడగానే మనలో చాలామందిమి పేజీ తిప్పేస్తాం. అదేదో పెద్ద దేశాల మధ్య వ్యవహారం, మన పప్పూ ఉప్పుకీ దానికీ ఏమిటి సంబంధం అనుకుంటాం. టీవీలో ఆ వార్త వస్తుంటే సీరియల్‌కి టైమైందని ఛానల్ మారుస్తాం. నిజానికి వంటింటికి ఇంత దగ్గరగా వచ్చే రాజకీయం ఇంకొకటి లేదు. ఫిరంగులు సరిహద్దులో పేలతాయి. ఆంక్ష మాత్రం నేరుగా పొయ్యి దగ్గరికే వచ్చి కూర్చుంటుంది.

ఇంతకీ ఏమిటీ ఆంక్షలు? ఒక దేశంతో ఎవరూ కొనకూడదు, ఎవరూ అమ్మకూడదు అని మిగతా దేశాలు కట్టుబాటు పెట్టుకోవడం. మన పల్లెల్లో పూర్వం ‘వెలి’ వేసేవాళ్ళని పెద్దవాళ్ళు చెప్పగా వినే ఉంటారు. ఆ ఇంటికి నిప్పు ఇవ్వకూడదు, నీళ్ళు ఇవ్వకూడదు, శుభానికీ అశుభానికీ గడప తొక్కకూడదు. తప్పు చేసింది ఇంటి పెద్ద. రచ్చబండ దగ్గర మీసం మెలేసిందీ ఆయనే. మరి ఖాళీ బిందె పట్టుకుని బావి దగ్గర తలొంచుకుని నిలబడింది ఎవరు? ఆ ఇంటి కోడలు. దేశాన్ని వెలివేసినా లెక్క ఇంతే. పైగా ఆ ఇంటి పెద్ద నియంత అయితే, ఆయన కంచంలో కూర ఒక్కటి కూడా తగ్గదు.

ఇరాన్, అఫ్ఘానిస్తాన్, ఉత్తర కొరియా, మొన్నమొన్నటి దాకా సిరియా... పేర్లకేం, చాలా ఉన్నాయి. అయినా నేను ఇరాక్ సంగతే ఎక్కువగా చెప్పబోతున్నాను. ఆ కథకూ మా కడప జిల్లాకూ చుట్టరికం ఉంది. వేంపల్లె, పులివెందుల, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు... ఈ వైపు ఎన్ని వీధులు తిరిగితే అన్ని ‘కువైట్ ఇళ్ళు’ కనబడతాయి. వానల్లేక, పాపాఘ్ని ఇసుకే తప్ప నీళ్ళు చూపించక, వేసిన చెనిక్కాయ పెట్టుబడి కూడా తిరిగివ్వక, వయసు పిల్లోళ్ళు పాస్‌పోర్టు చేతబట్టుకుని పోయినారు. డ్రైవర్లుగా, మేస్త్రీలుగా మగవాళ్ళు. అరబ్బుల ఇళ్ళల్లో వంటకూ పిల్లల్ని చూసుకోడానికీ ఆడవాళ్ళు. కువైట్‌లో చీమ చిటుక్కుమంటే మా ఊళ్ళో ఏదో ఒక ఇంట్లో గుండె దడదడలాడుతుంది.

ఆకలి మనవాళ్ళనీ తాకింది

1990 ఆగస్టు 2న సద్దాం హుస్సేన్ సైన్యం కువైట్‌లోకి దిగింది. నాలుగే రోజుల్లో, ఆగస్టు 6న, ఐక్యరాజ్యసమితి భద్రతామండలి 661వ తీర్మానం చేసింది. ఇరాక్‌తోనూ, అది ఆక్రమించుకున్న కువైట్‌తోనూ ప్రపంచంలో ఎవరూ వ్యాపారం చేయకూడదు. మందులకు మినహాయింపు ఇచ్చారు. తిండికి మాత్రం ‘మానవతా పరిస్థితులు’ ఉంటేనే! ఆ పరిస్థితులు వచ్చాయో, ఇంకా రాలేదో న్యూయార్క్‌లో ఒక కమిటీ కూర్చుని తేల్చాలి. ఆకలి వేసిందా లేదా అని కడుపుని కాకుండా కమిటీని అడగడమన్న మాట.

అప్పుడు కువైట్‌లో లక్షన్నరకు పైగా భారతీయులున్నారు. అందులో మా మేనత్త భర్త ఒకరు. నేను అప్పటికి పసిదాన్ని. ఆ రోజుల సంగతులన్నీ తర్వాత్తర్వాత ఆయన నోట విన్నవే. “తొలివారం అంగళ్ళు తెరిచినారు మ్మా. రెండోవారానికి బియ్యం లేదు. ఖుబూస్ రొట్టెకు తెల్లారుజామున పోయి నిలబడితే మిట్టమధ్యాన్నానికి చేతికి రెండొచ్చేవి. ఆ రెండూ తెచ్చి రూములో ఉన్నోళ్ళమంతా తుంచుకుంటిమి. జేబులో దుడ్లుండాయి. కొనేదానికి ఏమీ లేదు” అనేవాడు. కొన్నాళ్ళకు ఆ జేబులోని కువైట్ దీనార్లను కూడా ఇరాక్ వాళ్ళు చెల్లవు పొమ్మన్నారు. ఇంటి మీద మిద్దె వేద్దామని దాచుకున్న డబ్బు ఒక్క పూటలో చిత్తుకాగితమైంది.

అక్కడ చిక్కుకున్న మనవాళ్ళకు తిండి పంపుతామని భారత ప్రభుత్వం అడిగింది. సొంత పౌరులకు సొంత గింజలు పంపుకోడానికి ఒక దేశం అర్జీ పెట్టుకుని ఎదురుచూడాల్సి వచ్చింది. సెప్టెంబరు 13న భద్రతామండలి 666వ తీర్మానం చేసి, తిండి ఎప్పుడు, ఎవరి చేతుల మీదుగా పంపవచ్చో పద్ధతి చెప్పింది. ఆ తర్వాతే ‘విశ్వసిద్ధి’ అనే ఓడ మన తిండి సరుకులతో కువైట్ వైపు కదిలింది. అంతకు నెల ముందే బయల్దేరగలిగినవాళ్ళు బయల్దేరారు. బస్రా, బాగ్దాద్ మీదుగా ఎడారిలో పడి జోర్డాన్ చేరడం, అక్కడ గుడారాల్లో రోజులకు రోజులు వరుస కోసం కాచుకోవడం, అమ్మాన్‌లో విమానం ఎక్కి బొంబాయిలో దిగడం. 1990 ఆగస్టు నుంచి అక్టోబరు దాకా ఎయిరిండియా 488 విమానాలు తిప్పి లక్షమందికి పైగా మనవాళ్ళను ఇంటికి చేర్చింది. దాని మీద హిందీలో సినిమా కూడా వచ్చింది.

సినిమాలో లేని ముక్క ఒకటి మామ చెప్పేవాడు. బాగ్దాద్ పొలిమేరలో వాళ్ళ బస్సు ఆగినప్పుడు ఒక ముసలామె గిన్నెలో ఖర్జూరాలూ, ఒక కడవ నీళ్ళూ తెచ్చి అందరికీ ఇచ్చిందట. ఆమె కొడుకు అంతకు ముందు ఇరాన్‌తో జరిగిన యుద్ధంలో పోయాడని సైగలతో చెప్పిందట. “మాకు ఇల్లు చేరేదానికి దోవ ఉన్నింది మ్మా. ఆమెకు యాడికి పోయేదానికి దోవ?” అనేవాడు మామ.

మనవాళ్ళు మూడు నెలల్లో బయటపడ్డారు. ఆమె లాంటివాళ్ళు పదమూడేళ్ళు బయటపడలేదు.

అంగడి తెరిచే ఉంది, పర్సుకే తాళం

1991 జనవరి, ఫిబ్రవరి నెలల్లో యుద్ధం జరిగింది. కువైట్ విడుదలైంది. ఇరాక్‌లో కరెంటు కేంద్రాలు బాంబులకు కూలాయి. కరెంటు లేకపోతే నీటి పంపు లేదు, మురుగు శుభ్రం చేసే యంత్రం లేదు. ఊరి మురుగంతా నదిలోకి, ఆ నది నీళ్ళే మళ్ళీ బిందెలోకి. బాంబులు నెలన్నరలో ఆగిపోయాయి. ఆంక్షలు ఆగలేదు. ప్రమాదకర ఆయుధాలన్నీ అప్పగించేదాకా ఇంతేనన్నారు.

1991 ఏప్రిల్ నుంచి తిండి కొనుక్కోవచ్చని కాగితం మీద రాశారు. కానీ చమురు అమ్మకూడదు. అక్కడ బతుకంతా చమురు మీదే. తినే తిండిలో మూడింట రెండొంతుల పైనే బయటి నుంచి కొనుక్కుని తినే దేశం అది. అంగడి తలుపులు బార్లా తెరిచి, మన పర్సుకు తాళం వేసి, ‘నీకేం కావాలో కొనుక్కో తల్లీ’ అంటే ఎలా ఉంటుంది? అలా ఉంది.

దీనారు విలువ చూడండి. 1990కి ముందు సర్కారు లెక్కలో ఒక్క దీనారుకు మూడు డాలర్లు వచ్చేవి. 1995 చివరికి బజారులో ఒక్క డాలరుకు మూడు వేల దీనార్ల దాకా ఇవ్వాల్సి వచ్చింది. టీచరమ్మ నెల జీతం రెండు మూడు డాలర్లకు దిగింది. నెలంతా పాఠాలు చెప్పిన జీతానికి ఒకటి రెండు డజన్ల కోడిగుడ్లు వస్తే, ఆమె బడికెందుకు పోతుంది? బస్సు చార్జీ కూడా దండగే కదా! 1970ల్లో, 80ల్లో అరబ్బు దేశాలన్నిటిలోకీ ఆడవాళ్ళ చదువులకూ ఉద్యోగాలకూ పేరుపడ్డ దేశం ఇరాక్. అక్కడ డాక్టర్లు, ఇంజినీర్లు, లెక్చరర్లు అయిన ఆడవాళ్ళు ఎందరో. వాళ్ళే మొదట ఇంటికి చేరారు. తర్వాత ఇంట్లోని వస్తువులు ఒక్కొక్కటే గడప దాటాయి. ముందు పెళ్ళినాటి బంగారం, ఆ తర్వాత ఫ్రిజ్, మంచాలు, తివాచీలు. కొన్ని ఇళ్ళల్లో తలుపులూ కిటికీలూ కూడా పీకి అమ్ముకున్నారు. బాగ్దాద్‌లో ముతనబ్బి వీధి అని పుస్తకాల బజారుంది. చదువుకున్న కుటుంబాలవాళ్ళు తమ సొంత పుస్తకాలను అక్కడ నేల మీద పరిచి అమ్ముకున్నారు. కథలు రాసుకునే నాకు ఈ ఒక్క సంగతి మాత్రం ఎప్పుడు తలచుకున్నా కడుపులో దేవినట్టుంటుంది. బంగారమైతే మళ్ళీ చేయించుకోవచ్చు. అంచుల్లో మన చేత్తో రాసుకున్న పుస్తకాన్ని మళ్ళీ ఎక్కడ తెచ్చుకుంటాం?

ఇక్కడ ఒక న్యాయం మాట కూడా చెప్పాలి. చమురు కొంత అమ్ముకుని తిండీ మందులూ కొనుక్కోమని 1991లోనే భద్రతామండలి రెండు తీర్మానాలు చేసింది. సద్దాం ఒప్పుకోలేదు. డబ్బు ఐక్యరాజ్యసమితి ఖాతాలో ఉంటుందంటే ఆయనకు పరువు తక్కువైంది. చివరికి 1996 మేలో ఒప్పుకున్నాడు. డిసెంబరులో చమురు కదిలింది. మొదటి తిండి ఓడలు 1997 మార్చికి గానీ చేరలేదు. ఈ ఐదేళ్ళ పాపాన్ని అగ్రరాజ్యాల పద్దులో రాయడానికి వీల్లేదు. జనం కిటికీలు అమ్ముకుంటున్న ఆ ఏళ్ళలోనే ఆయన పాలరాతి మేడలు కట్టించాడు. ఆయన మీద జాలిపడే పని మనకు లేదు.

అలాగని ‘చమురుకు బదులు ఆహారం’ పథకం వచ్చాక కష్టాలన్నీ తీరాయా? మొదట్లో ఆరునెలలకు 200 కోట్ల డాలర్ల చమురే అమ్మాలన్నారు. అందులో వందకు 66 వంతులే జనం అవసరాలకు. దేశంలో 2 కోట్ల 20 లక్షల మంది అనుకుంటే, మనిషికి నెలకు పది డాలర్లు. అప్పటి మన లెక్కలో రోజుకు 12 రూపాయలు. తిండి, మందులు, నీటి పంపులకు విడిభాగాలు, బడిలో బల్లలు, ఆసుపత్రిలో సూదులు, అన్నీ ఆ 12 రూపాయల్లోనే. తర్వాత ఆ హద్దు పెంచారు, 1999లో తీసేశారు కూడా. అప్పుడు కొత్త తంటా వచ్చిపడింది. ఏ వస్తువు కొనాలన్నా న్యూయార్క్ కమిటీ తల ఊపాలి. ఏ ఒక్క సభ్యదేశం ‘ఆగండి’ అన్నా ఆగిపోవాల్సిందే. నీళ్ళు శుభ్రం చేసే క్లోరిన్‌తో విషవాయువు కూడా చేయొచ్చు కదా అనేవాళ్ళు. 2002 నాటికి 500 కోట్ల డాలర్లకు పైగా విలువైన సరుకులు అలా ‘ఆగండి’ కిందే పడి ఉన్నాయి.

కార్డు ఎవరి చేతిలో ఉంటే...

రేషన్ కార్డు సంగతి మనకు వేరే చెప్పాలా! 1983లో రామారావుగారి రెండు రూపాయల కిలో బియ్యం వచ్చినప్పటి నుంచీ అది మన ఇళ్ళల్లో దేవుడి పటం పక్కన ఉండే వస్తువు. బియ్యం బండి ఇంటి ముందుకొచ్చినా, 2025 జూన్ నుంచి మళ్ళీ స్టోరుకే పోయి తెచ్చుకుంటున్నా, వరుసలో నిలబడేది మనమే. డీలరు తూకంలో మోసం చేస్తే తహసీల్దారు ఆఫీసుకు పోయి అరుస్తాం. “ఓట్లకు రానీ, అప్పుడు చెబుతాం” అని బెదిరిస్తాం. చెబుతాం కూడా.

ఇరాక్‌లో 1990 సెప్టెంబరులో రేషన్ పెట్టారు. పిండి, బియ్యం, చక్కెర, టీ, నూనె, పసిపిల్లలకు పాలపొడి. ఇంటి దగ్గరి చిల్లర అంగడిలోనే ఇచ్చేవారు. బాగానే నడిపారని ఐక్యరాజ్యసమితి సంస్థలే మెచ్చుకున్నాయి. ఆ రేషనే లేకపోతే చావులు ఎన్ని జరిగేవో ఊహించలేం. 1994లో సర్కారు దగ్గర సరుకు లేక కోత పెట్టారు. మనిషికి రోజుకు 1,100 కేలరీలకు అటూ ఇటుగా మిగిలింది. కష్టం చేసే మనిషికి కావలసినదాంట్లో అది సగం.

అసలు కిటుకు ఇక్కడుంది. బయటి వ్యాపారం ఆగిపోయాక, జీతం చిల్లర డబ్బులైపోయాక, జనానికి మిగిలిన ఒకే ఒక్క ఆధారం ఆ కార్డు. ఆ కార్డు ఇచ్చేదీ, తీసేసుకునేదీ సద్దాం సర్కారు. అంతకు ముందు ఆయనంటే భయం ఒక్కటే. ఆంక్షలు వచ్చాక భయంతో పాటు అన్నం కూడా ఆయన చేతిలోకే పోయింది. కిర్కుక్ ప్రాంతం నుంచి కుర్దు కుటుంబాలను వెళ్ళగొట్టేటప్పుడు వాళ్ళ రేషన్ కార్డులు లాక్కునేవారని మానవహక్కుల సంఘాలు రాసిపెట్టాయి. ఇక ఎవరు నోరెత్తుతారు? 1995లో ‘నేనే అధ్యక్షుడిగా ఉండాలా, వద్దా?’ అని ఓటింగు పెడితే 99.96 శాతం ఉండాలన్నారట. 2002లో నూటికి నూరు! ‘జనానికి కడుపు మండితే నియంతను దించుతారు’ అని ఆంక్షలు పెట్టినవాళ్ళు వేసిన లెక్క నాకైతే ఎప్పటికీ అర్థం కాదు. కడుపు మండిన తల్లి తుపాకీ కోసం పోదు, పాలపొడి డబ్బా ఎక్కడ దొరుకుతుందా అని పోతుంది. ఆ డబ్బా ఆ రాజు అంగడిలోనే దొరుకుతుంది.

ఆ పాలపొడి కథ కూడా వినండి. రేషనులో ఊరికే వస్తోంది కదా అని చంటిపిల్లల తల్లులు డబ్బాపాలకు అలవాటుపడ్డారు. కలిపేది మురుగు కలిసిన నీళ్ళతో. పిల్లలకు విరేచనాలు. 1999లో యునిసెఫ్ వాళ్ళు, పాలపొడి బదులు బాలింతలకూ గర్భిణులకూ తిండి ఎక్కువ ఇవ్వండి, వాళ్ళే పాలిచ్చుకుంటారు అని సలహా ఇచ్చారు. మన నాయనమ్మలు చెప్పే మాటే!

సంసారం కుంగినప్పుడు మగవాడి పెత్తనం పెరగడం మనం ఎరగందా? దేశానికీ అంతే. 1993లో సద్దాం ఉన్నట్టుండి ‘విశ్వాస ఉద్యమం’ అని దైవభక్తి ఎత్తుకున్నాడు. 1994లో దొంగతనం చేసినవాడికి చెయ్యి నరకాలని చట్టం చేశాడు. జనం ఆకలితో ఉన్న ఏడాదే అది! 45 ఏళ్ళలోపు ఆడవాళ్ళు మగతోడు లేకుండా దేశం దాటకూడదన్నారు. ఉద్యోగాలు లేవు కాబట్టి ఉన్నవి మగవాళ్ళకే అన్నారు. బస్సుకూ పుస్తకాలకూ డబ్బులేని ఇళ్ళల్లో ముందు బడి మానింది ఆడపిల్ల. ఆంక్షలు రాసిన కాగితంలో ‘ఆడపిల్ల’ అన్న మాట ఎక్కడా ఉండదు. తగిలేది మాత్రం ఆమెకే.

అంకెల తగాదా

1996 మేలో అమెరికా టీవీలో ఒక కార్యక్రమం వచ్చింది. ప్రశ్న వేసింది లెస్లీ స్టాల్. జవాబు చెప్పింది అప్పట్లో ఐక్యరాజ్యసమితిలో అమెరికా రాయబారి అయిన మాడలిన్ ఆల్‌బ్రైట్. ఇద్దరూ ఆడవాళ్ళే. ఇరాక్‌లో ఐదు లక్షల మంది పిల్లలు చనిపోయారంటున్నారు, ఇంత మూల్యం తగినదేనా అని ఆమె అడిగింది. కష్టమైన నిర్ణయమే, కానీ తగినదేనని అనుకుంటున్నాం అని ఈమె చెప్పింది. ఆ మాట అన్నందుకు ఆల్‌బ్రైట్ తర్వాత తన జ్ఞాపకాల్లో విచారం వెలిబుచ్చింది. ఆడది అధికారంలో ఉంటే లోకం మెత్తబడుతుందని మనం ఈ పేజీల్లోనే ఎన్నోసార్లు రాసుకున్నాం. కుర్చీ ఎత్తు పెరిగాక కింద ఉన్న ఉయ్యాల కనబడదేమో.

ఆ ఐదు లక్షల అంకె గురించి ఇంకో నిజం కూడా మీకు తెలియాలి. 1999లో యునిసెఫ్ సర్వే కూడా దాదాపు అదే అంకెను చెప్పింది. ఐదేళ్ళలోపు పిల్లల మరణాలు రెట్టింపుకు మించాయంది. కానీ సద్దాం పడిపోయిన తర్వాత స్వేచ్ఛగా జరిగిన సర్వేల్లో అంత పెరుగుదల కనబడలేదు. 1999 సర్వే వివరాలను సద్దాం ప్రభుత్వమే తారుమారు చేసిందని 2017లో ఇద్దరు పరిశోధకులు ఒక వైద్య పత్రికలో రాశారు. అంటే పిల్లల శవాలను కూడా ఆ ప్రభుత్వం ప్రచారానికి వాడుకుందన్న మాట!

అయితే ఆంక్షలవల్ల ఏమీ కాలేదని చేతులు దులుపుకుందామా? అంకె అబద్ధమైనంత మాత్రాన ఆకలి అబద్ధం కాదు. మూడు డాలర్ల జీతం అబద్ధం కాదు, మురుగు నీళ్ళు అబద్ధం కాదు. ఇంకా నన్ను అడిగితే, ఆ రోజు టీవీలో కూర్చున్నామె ఐదు లక్షలు నిజమే అనుకుంటూనే ఆ జవాబు చెప్పింది. నాకు అది ముఖ్యం.

దగ్గర నుంచి చూసినవాళ్ళ మాట వేరుగా ఉంది. ఇరాక్‌లో ఐక్యరాజ్యసమితి సహాయ కార్యక్రమాల పెద్దగా ఉన్న డెనిస్ హాలిడే 1998లో రాజీనామా చేశాడు. 34 ఏళ్ళు ఆ సంస్థలో పనిచేసిన మనిషి. ఇది జాతిహత్యే అన్నాడు. ఆయన స్థానంలో హాన్స్ వాన్ స్పోనెక్ వచ్చాడు. మన దేశంలోనూ పనిచేసి వెళ్ళినాయనే. 2000 ఫిబ్రవరిలో ఆయనా రాజీనామా. అదే వారంలో ప్రపంచ ఆహార కార్యక్రమం ఇరాక్ అధికారిణి యూటా బర్గార్ట్ కూడా ఉద్యోగం వదులుకుంది. ఆల్‌బ్రైట్ పేరు తెలిసినంతగా ఈమె పేరు మనకు తెలియదు. చెల్లెళ్ళూ, ఈమె పేరే గుర్తుపెట్టుకోండి.

ఆ దుడ్లు ఎవరివి?

ఇప్పుడు మా ఇళ్ళ సంగతి. కువైట్ నుంచి అన్నీ వదులుకుని వచ్చినవాళ్ళకు ఇరాక్ నష్టపరిహారం కట్టాలని 1991లో ఐక్యరాజ్యసమితి ఒక కమిషన్ పెట్టింది. ఊరు వదిలి రావాల్సి వచ్చినందుకు ఒంటరి మనిషికి 2,500 డాలర్లు, ఇతర నష్టాలేవీ అడగనంటే 4,000. కుటుంబానికైతే 5,000 లేదా 8,000. మన ప్రభుత్వం దరఖాస్తులు తీసుకుని పంపింది. చాలా ఏళ్ళు డబ్బు లేదన్నారు. 1996 డిసెంబరులో చమురు అమ్మకం మొదలయ్యాక చెల్లింపులు ఊపందుకున్నాయి.

మామకు వచ్చింది 4,000 డాలర్లు. అప్పటి లెక్కలో లక్షా నలభై వేల రూపాయలు. మా వైపు పల్లెల్లో అది చిన్న మొత్తమా! అప్పు తీరింది, రెండు గదులు పడ్డాయి. మా అత్త ఆ డబ్బు దేవుడి ముందు పెట్టి, “ఈ దుడ్లు ఎవురిచ్చిరి?” అని అడిగిందట. “ఇరాకోళ్ళు” అన్నాడు మామ. “వాళ్ళకే తినేదానికి లేదని పేపర్లో రాస్తాండారే!” అందట అత్త.

అత్తకు ఐదో తరగతి చదువు. కానీ ఆమె అడిగింది సరిగ్గా ఆ లెక్కే. ఇరాక్ వంద రూపాయల చమురు అమ్మితే, అందులో 30 ఈ పరిహారాలకే పోయేది. 13 ఉత్తరాన కుర్దుల ప్రాంతానికి, 53 మిగతా దేశమంతటికీ, మిగిలింది ఐక్యరాజ్యసమితి ఖర్చులకు. అంటే పాలపొడికీ, సూదిమందుకూ పోవాల్సిన డబ్బులోంచే మా మామ గదులకు వాటా వచ్చింది. మామ తప్పు చేశాడని నేను అనను. ఆయన ఎనిమిదేళ్ళ కష్టం సద్దాం సైన్యం పాలైంది, ఆయనకు రావాల్సిందే వచ్చింది. కానీ ఇచ్చింది సద్దామా? పాలరాతి మేడల్లో ఒక్క మేడ అమ్మి ఇచ్చాడా? బాగ్దాద్ పొలిమేరలో ఖర్జూరాలు పెట్టిన ఆమె కంచంలోంచి తీసి ఇచ్చారు. ఆ పరిహారాల్లో లక్షల కుటుంబాలకు అందిన చిన్న మొత్తాలే కాదు, పెద్ద పెద్ద చమురు కంపెనీలకు అందిన పెద్ద మొత్తాలూ ఉన్నాయి.

సద్దాం మాత్రం వేరే దారిలో సంపాదించుకున్నాడు. చమురు పథకంలో 2,200కు పైగా కంపెనీలు ఆయన ప్రభుత్వానికి లంచాలు కట్టాయని 2005లో వోల్కర్ కమిటీ తేల్చింది. మొత్తం 180 కోట్ల డాలర్లు. ఆ నివేదికలో పేరు రావడంతో మన విదేశాంగ మంత్రి నట్వర్ సింగ్ పదవి పోగొట్టుకున్నారు. తానే తప్పూ చేయలేదని ఆయన చివరిదాకా చెప్పారు.

అయితే ఆంక్షలన్నీ పాపమేనా?

ఈ ప్రశ్న మీరు అడుగుతారని తెలుసు. దక్షిణాఫ్రికా ఉంది కదా! నల్లవాళ్ళను మనుషులుగా చూడని ఆ ప్రభుత్వంతో 1946లోనే వ్యాపారం తెంచుకున్న దేశం మనది. దానికి గర్వపడాల్సిందే. కానీ అక్కడ తేడా ఉంది. మా దేశం సరుకు కొనకండి అని 1959లోనే పిలుపునిచ్చినవాళ్ళలో ఆ దేశపు నల్లవాళ్ళ నాయకుడు ఆల్బర్ట్ లుతూలీ ఉన్నాడు. మేము బాధపడతాం, ఫరవాలేదు అని బాధపడేవాళ్ళే చెప్పారు. ఇరాక్‌లో ఆ ఇల్లాలిని ఎవరడిగారు? అడిగినా ఆమె నోరు తెరవగలదా? 1998లో పోఖరాన్ పరీక్షల తర్వాత మన మీదా అమెరికా ఆంక్షలు పెట్టింది. మన పొయ్యి ఆరలేదు. మన తిండి మన పొలాల్లో పండుతుంది. మన అమ్మకాలకూ కొనుగోళ్ళకూ ఎవరూ తాళం వేయలేదు. అందుకే మనకది అంతగా గుర్తు కూడా లేదు.

ఇరాక్ నుంచి లోకం కొంత నేర్చుకున్న మాట నిజం. తర్వాతి కాలంలో దేశం మొత్తానికి కాక, పాలకుల బ్యాంకు ఖాతాలకూ, ప్రయాణాలకూ, ఆయుధాలకూ తాళం వేసే పద్ధతి వచ్చింది. 2022 డిసెంబరులో భద్రతామండలి 2664వ తీర్మానంతో, తన ఆంక్షల్లో ఆస్తుల స్తంభన ఏదైనా సరే మానవతా సాయానికి అడ్డం కాకూడదని చెప్పింది. కానీ బ్యాంకు మేనేజరుకు తీర్మానాలు ధైర్యం ఇవ్వవు. 2018లో అమెరికా ఇరాన్ మీద ఆంక్షలు మళ్ళీ బిగించినప్పుడు మందులకు మినహాయింపు ఉంది. అయినా డబ్బు పంపడానికి బ్యాంకులు జంకి, జబ్బు పిల్లల తల్లులు మందుల షాపుల చుట్టూ తిరిగారు. 2025 సెప్టెంబరు చివర ఐక్యరాజ్యసమితి ఆంక్షలు కూడా ఇరాన్ మీద తిరిగి వచ్చాయి. అఫ్ఘానిస్తాన్‌లో 2021 ఆగస్టులో తాలిబన్లు రాగానే ఆ దేశపు రిజర్వు బ్యాంకు డబ్బు 700 కోట్ల డాలర్లను అమెరికా ఆపేసింది. నర్సులకూ టీచర్లకూ జీతాల్లేవు. 2022లో మన దేశం గోధుమలు లారీల్లో పాకిస్తాన్ మీదుగా పంపింది. అదే ఏడాది డిసెంబరులో తాలిబన్లు, సహాయ సంస్థల్లో ఆడవాళ్ళు పనిచేయకూడదన్నారు. ఒక తలుపు బయటివాళ్ళు మూశారు, రెండోది లోపలివాళ్ళు మూశారు. మధ్యలో ఆమె.

ఇరాక్ మీద ఆర్థిక ఆంక్షలను 2003 మే 22న ఎత్తేశారు. సద్దాంను దించింది ఆంక్షలు కాదు, మరో యుద్ధం. ఆయన పోయాక కూడా కువైట్ పరిహారం బాకీ పోలేదు. చమురు ఆదాయంలో వాటా కోసి ఇరాక్ కడుతూనే వచ్చింది. మొత్తం 5,240 కోట్ల డాలర్లు. చివరి వాయిదా 2022 జనవరిలో కట్టారు. ఆంక్షలు మొదలైన ఏడాది అక్కడ పుట్టిన ఆడపిల్లకు అప్పటికి ముప్ఫై దాటాయి. బతికి ఉంటే ఆమెకూ ఇద్దరు ముగ్గురు పిల్లలుంటారు. రేషన్ కార్డు మాత్రం అక్కడ ఇంకా నడుస్తూనే ఉంది. పిండి, బియ్యం, చక్కెర, నూనె ఇస్తున్నారు.